సరంగు ఇంటి పొగగొట్టం

మా ముఖో రేవులో ఫిల్దు అంటే ఎవరికీ తెలియదు. సరంగు అంటే మాత్రం పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వయసంతా స్క్విడ్ పడవల మీద కూలీలను కేకలతో నడిపినవాడు. ఒడ్డెక్కాక కేకలు వెయ్యడానికి పడవ లేకపోయేసరికి ఇంటినే పడవ చేసుకున్నాడు. భార్య ఏనాడో పోయింది. ఇంట్లో మిగిలింది కొడుకు చొల్గు, కూతురు యొన్సిల్.

వాళ్ళ గోడకూ మా పెరటి గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. వాళ్ళ ఇంటి నేలను వెచ్చబెట్టే బాయిలర్ పొగగొట్టం ఆ సందులోకే మూతి పెట్టుకుని ఉండేది. శీతాకాలం వచ్చిందంటే నా ఎండుచేపల దండేల మీద మసి ఊదేది. "అన్నా, దాన్ని కాస్త పైకి తిప్పించరాదూ?" అని అడిగితే, "పొగ పట్టిన చేపకి రుచెక్కువ చెల్లెమ్మా, నువ్వే నాకు ఎదురు డబ్బులివ్వాలి" అనేవాడు.

సరంగుకు అన్నీ హాస్యమే. అయితే ఎదుటివాడు ఏడ్చేదాకా వెళ్ళకపోతే ఆయన లెక్కలో అది హాస్యం కాదు. ఒకసారి వలలు బాగుచేసే ముసలాయనతో, "మీ ఇల్లు అంటుకుందయ్యా, ఇక్కడ కూర్చున్నావేం!" అన్నాడు. పాపం, ఆయన మంచు పేరుకున్న మెట్ల మీద రబ్బరు బూట్లతో పరుగెత్తి పడి, ముందుపళ్ళు రాలగొట్టుకున్నాడు. ఇల్లు ఇల్లులాగే ఉంది. ఆ కథ సరంగు ఏళ్ళ తరబడి చెప్పాడు, పడ్డ తీరును అభినయించి మరీ. చెప్పినప్పుడల్లా చొల్గు అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వేవాడు. వాడి తర్వాత యొన్సిల్ నవ్వేది. ఆ ఇంట్లో అన్నంతోపాటు నవ్వు కూడా వేళకు జరగాల్సిందే.

చేపల సహకార సంఘం కింద, దిగుడులో గితెక్ దర్జీ కొట్టు ఉండేది. కొండల అవతలి ఊరునుంచి వచ్చి పెట్టుకున్నాడు. పడవ యజమానులకు కోట్లు, పెళ్ళికొడుకులకు సూట్లు కుట్టేవాడు. మనిషి నెమ్మది. చేతులు మాత్రం చూడాలి, పొడుగాటి వేళ్ళు, బట్ట మీద సుద్దగీత గీస్తే నీళ్ళ మీద పడవ జారినట్టుండేది. తండ్రి కోటుకు లోపలి బట్ట చిరిగిందని పట్టుకెళ్ళిన యొన్సిల్, ఆ తర్వాత చిరగని బట్టలు కూడా పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. చూస్తూనే ఉన్నాం, ఎవరం ఏమీ అనలేదు. ఈడైన పిల్ల, నిదానమైన పిల్లవాడు.

ఆ ఏడు చలికాలానికి కిమ్చి ఊరగాయ జాడీలు పెట్టడం అయిపోయిన తర్వాత ఒక ఆదివారం గితెక్ పిల్లనడగడానికి వచ్చాడు. తానే కత్తిరించి కుట్టుకున్న బూడిదరంగు సూటు, చేతిలో బేరిపళ్ళ పెట్టె.

సరంగు అప్పటికే అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. కొత్త బాయిలర్ కొన్నాడు, అది బిగించే మనిషి మర్నాడు వస్తాడు. పాత పొగగొట్టం గోడలోంచి తీసి, కన్నం ఖాళీ చేసి ఉంచమని, లేకపోతే దానికి వేరే కూలి అవుతుందని ఆ మనిషి చెప్పిపోయాడు. ఇక ఆ గొట్టం సంగతి. పెద్ద తుఫానుకు మా వాడలో అందరి రేకు గొట్టాలూ ఎగిరిపోయిన ఏడాది, సరంగు పాత పడవ ఇంజను గొట్టాన్ని కోయించి తెచ్చాడు. దానికి నాలుగు వైపులా ఇనుప చెవులు అతికించి, వాటిని గోడలో ఊచలకు కట్టి, చుట్టూ కాంక్రీటు పోశాడు. "గోడ పోయినా గొట్టం పోదు" అని ఆయన చెప్పుకోని రోజు లేదు. మా వాడలో అందరికీ తెలుసు. పైఊరివాడు గనక గితెక్‌కు తెలియదు.

"చెల్లెమ్మా, రా రా, సినిమా ఉంది! వచ్చేటప్పుడు నాలుగు ఎండుచేపలు పట్టుకురా" అని గోడ మీంచి నన్ను పిలిచాడు సరంగు. వెళ్ళాను. అరుగు మీద సోజు సారా సీసాలు, బొగ్గుల కుంపటి. ఎదురుగా తలుపు తీసిన బాయిలర్ గది. గితెక్ మోకాళ్ళ మీద వంగి పెద్ద దణ్ణం పెడుతున్నాడు.

"లే, లే. వంగడం చూశాను. ఇక లాగడం చూస్తాను" అన్నాడు సరంగు.

"అర్థం కాలేదండీ."

"మా ఇంటినుంచి పిల్లని తీసుకుపోవాలంటే ముందు ఇంకోటి తియ్యాలి. అదిగో, ఆ గొట్టం. గోడలోంచి పీకి వాకిట్లో పడేయ్. ఇటు గొట్టం పెట్టు, అటు పిల్లని పట్టుకుపో."

చొల్గు నవ్వాడు. గితెక్ యొన్సిల్ వంక చూశాడు. ఆ పిల్ల చేపలు కాలుస్తూ తల ఎత్తలేదు.

"రేపు బాయిలర్ మనిషి వస్తాడటగా..." అన్నాడు గితెక్ మెల్లగా.

"వాడికి కూలివ్వాలి. అల్లుడైతే ఊరికే చేస్తాడు. ఏం, సూది పట్టే చేతులకి సుత్తి బరువా?"

గితెక్ కోటు విప్పి, మడిచి, అరుగు చివర పెట్టాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. యొన్సిల్ లేచి లోపల్నుంచి చేతితొడుగులు తెచ్చింది.

"అవెందుకే?" అన్నాడు సరంగు. "కిమ్చి కలపడానికా? పట్టుకుపో లోపలికి."

యొన్సిల్ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తొడుగులు వెనక్కు పట్టుకుపోయింది.

గితెక్ ముందు బాయిలర్ దగ్గరి మలుపు ముక్క విప్పాడు. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వేలాడి లాగితే ఒక్కసారిగా ఊడొచ్చింది. లోపల ఏళ్ళనాటి మసి, బుట్ట బోర్లించినట్టు నెత్తిమీద పడింది. తెల్లచొక్కా లేదు, మొహం లేదు, రెండు కళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

సరంగు తొడ చరిచాడు. "ఒరేయ్ చొల్గూ, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టారు చూడరా!"

చొల్గు పొర్లి పొర్లి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నవ్వొచ్చేట్టే ఉన్నాడు మరి. అప్పుడు సరంగు కూతురి వైపు తిరిగాడు. ఏమీ అనలేదు, చూశాడంతే. యొన్సిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత తండ్రి చూపు ఇంకా తన మీదే ఉందని గమనించి కొంచెం గట్టిగా.

మా ముగ్గురి నవ్వుకూ తల ఎత్తని గితెక్ ఆ నవ్వుకు ఎత్తాడు. ఆమెను చూశాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు.

శానం ఉలి, సుత్తి తీసుకుని గొట్టం చుట్టూ కాంక్రీటు కొట్టడం మొదలుపెట్టాడు. చేతకానివాడు కాదు, అలవాటు లేనివాడు. రెండు దెబ్బలు శానం మీద పడితే మూడోది బొటనవేలి మీద పడుతోంది.

"అల్లుడూ, గోడకి కాజాలు కుడుతున్నావా?"

"కొలతలు తీసుకున్నావా ముందు? టేపు తెప్పించనా?"

"మెల్లగా, మెల్లగా! గోడకి గుచ్చుకుంటుందేమో!"

ఒక్కో మాటకూ చొల్గు నవ్వు. నాకు మాత్రం కాసేపటికి విసుగేసింది. గితెక్ వేళ్ళు చిట్లి, గొట్టం మీద ఎర్రటి ముద్రలు పడుతున్నాయి. అయినా మనిషి ఆగలేదు. చుట్టూ కాంక్రీటు పెచ్చులూడి, గొట్టానికీ గోడకూ మధ్య చెయ్యి దూరేంత సందు చేశాడు. రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి లాగాడు. గొట్టం ఇసుమంత కూడా కదల్లేదు.

"లోపల ఏదో పట్టుకుందండీ" అన్నాడు.

"పట్టుకోదూ! పెట్టిందెవరు?" అన్నాడు సరంగు, మీసం మీద సోజు తుడుచుకుంటూ. "చొల్గూ, నువ్వు సమ్మెట పట్టుకుని సందులోకి పో. నేను కేకేసినప్పుడు బయటనుంచి ఒక్కటి వెయ్యి. అల్లుడుగారికి సాయం చేద్దాం."

చొల్గు సమ్మెట భుజాన వేసుకుని లేచాడు. వాడు దాన్ని ఆ సందులో తిప్పితే నా దండేలు తెగిపోతాయని నేనూ వాడి వెనకాలే వెళ్ళాను. చేపలు తీసి బుట్టలో వేసుకుంటున్నాను. చొల్గు గొట్టం మూతికి ఎదురుగా నిలబడ్డాడు. లోపల ఏం జరుగుతోందో మాకు కనబడదు. సరంగు గొంతు మాత్రం గోడ దాటి వచ్చింది.

"వెయ్యరా!"

చొల్గు ఎత్తి కొట్టాడు. ఇనుము మోగింది. గొట్టం వేలెడు లోపలికి పోయింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నేను చేప దండెం మీదినుంచి తీసి చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాను. అప్పుడు యొన్సిల్ అరిచింది.

మేము పరుగెత్తుకొచ్చేసరికి గితెక్ గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టుదాకా గోడలో ఉంది. గొట్టాన్ని పట్టుకున్నదేమిటో తడిమి చూద్దామని లోపల పెట్టాడట. కదిలిన గొట్టం ఇనుప చెవికీ, విరిగిన కాంక్రీటు అంచుకూ మధ్య వేళ్ళు ఇరుక్కుపోయాయి. అతను అరవలేదు. పళ్ళు బిగించి గోడకేసి నుదురు ఆనించుకున్నాడు. సరంగు చొల్గు చేతిలోని సమ్మెట లాక్కున్నాడు. లోపలివైపునుంచి ఒకే ఒక్క దెబ్బ వేశాడు. గొట్టం వెనక్కు జరిగింది, చెయ్యి బయటికి వచ్చింది. ఆ చెయ్యి గురించి నేను చెప్పను.

కాంగ్నుంగ్ పెద్దాసుపత్రిలో చూపుడువేలూ నడిమివేలూ తీసేశారు. మిగతా రెండు వేళ్ళూ ఉన్నాయి, వంగవు.

మర్నాడు బాయిలర్ మనిషి వచ్చాడు. ఇనుము కోసే కరెంటు మిషను పెట్టి నాలుగు చెవులూ కోశాడు. నేనిచ్చిన బార్లీ నీళ్ళు చల్లారేలోగా గొట్టం వాకిట్లో పడి ఉంది.

సరంగు నెల తిరక్కుండానే ఆ కథ కూడా రేవులో చెప్పడం మొదలుపెట్టాడు. "కాబోయే మామకి దణ్ణం పెట్టాడు, బాగానే ఉంది. గోడకి షేక్‌హ్యాండ్ ఇమ్మని ఎవడు చెప్పాడయ్యా?" అనేవాడు. నవ్వేవాళ్ళు నవ్వారు.

కట్లు విప్పాక ఒకరోజు సరంగు కమలాపళ్ళ పెట్టె పట్టుకుని గితెక్ కొట్టుకు బయల్దేరాడు. చొల్గును వెంటబెట్టుకున్నాడు. యొన్సిల్ మా పెరట్లోకి వచ్చి, "పిన్నీ, నువ్వూ రా. నాకెందుకో భయంగా ఉంది" అంది. వెళ్ళాం.

కొట్టులో కత్తిరించి కుట్టని కోటు ముక్కలు బల్లమీద దుమ్ము పట్టి ఉన్నాయి. గితెక్ ఎడమచేత్తో కుర్చీలు జరిపాడు. సరంగు కూర్చుని, పళ్ళపెట్టె బల్లమీద పెట్టి, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"చూడు బాబూ, నాకు నీ మీద కోపం లేదు. మంచివాడివి. కానీ నువ్వే ఆలోచించు. ఎడమచేత్తో అన్నం తినేవాడికి పిల్లనెలా ఇస్తాను? సూదిలో దారం ఎక్కించుకోలేవు, పెళ్ళాన్నేం పోషిస్తావు? రేపు నీకో కూతురుంటే నువ్విస్తావా?"

గితెక్ వంగని వేళ్ళను బల్ల కింద పెట్టుకున్నాడు.

"నువ్వు చూశావు నాన్నా" అంది యొన్సిల్.

"ఏం చూశాను?"

"చెయ్యి లోపలుండడం చూశావు. చూసి నాకేసి కన్ను గీటావు. అప్పుడన్నావు, వెయ్యరా అని."

చొల్గు మొహం పాలిపోయింది. "నాకు తెలీదు చెల్లీ. ఒట్టు, నాకు తెలీదు" అన్నాడు.

సరంగు కొంచెంసేపు పళ్ళపెట్టె తాడుతో ఆడాడు. "జడిపిద్దామనుకున్నానే. మగాడు కదా, చప్పుడు వింటే చెయ్యి లాగేస్తాడనుకున్నా. ఇంత మందకొడి అని నాకేం తెలుసు?" తల ఎత్తి కూతుర్ని చూశాడు. "అయినా, ఇప్పుడు ఏడుపేంటి? అప్పుడు నవ్వావుగా? ఇంటిల్లిపాదీ విన్నాం. వీడూ విన్నాడు."

నేను చాలా మాటలు విన్నాను ఆ మనిషి నోట. అంతటిది వినలేదు. యొన్సిల్ చెంపలు దెబ్బ తిన్నట్టు ఎర్రబడ్డాయి. కాసేపటికి వెళ్ళి బట్ట కత్తిరించే బల్ల అంచున కూర్చుంది.

"నేను ఇంటికి రాను."

"ఉండు. ఆ మూడు వేళ్ళతో నిన్ను ఏలుకుంటాడు" అన్నాడు సరంగు. లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కు వచ్చి, పళ్ళపెట్టె మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను కూడా లేవబోతుంటే గితెక్ అడిగాడు. నన్ను కాదు, ఆమెను. గొంతు పెంచలేదు.

"ఎందుకు నవ్వావు?"

"మా ఇంట్లో ఎవరు నవ్వకపోతే తర్వాతి వంతు వాళ్ళది" అంది యొన్సిల్. "నేను నవ్వకపోతే నాన్న నీ మీద ఇంకా రెచ్చిపోయేవాడు."

"అంటే నాకోసం నవ్వావన్నమాట."

ఆ పిల్ల అవునని ఉంటే సరిపోయేది. కాసేపు ఆలోచించి, "కాదు. నాకోసమే" అంది.

వాళ్ళ పెళ్ళికి విందూ లేదు, మేళమూ లేదు. వాడ ఆఫీసులో కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. నేను మినపగింజలంత ఎర్రచిక్కుళ్ళు కలిపి అన్నం వండి పట్టుకెళ్ళాను. ముగ్గురం తిన్నాం. గితెక్ చెంచా ఎడమచేత్తో పట్టుకుని, మెతుకులు రాలిపోతుంటే ఒక్కొక్కటీ ఏరుకుని తిన్నాడు. యొన్సిల్ సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాత పని నేర్పడం మొదలుపెట్టాడు. అతని నోరు, ఆమె చేతులు. అదే దారి, ఇంకో దారి లేదు. నేను చేపల బుట్టతో దిగుడులోకి వెళ్ళినప్పుడల్లా కొట్టు ముందు కాసేపు కూర్చునేదాన్ని. మొదట్లో బాగానే ఉండేది. సుద్ద ఎలా పట్టుకోవాలి, కత్తెర ఎక్కడ ఆపాలి, అన్నీ మెల్లగానే చెప్పేవాడు. ఆమె ఒక్కో కుట్టూ వేస్తుంటే అతని కుడిచెయ్యి బల్లమీద దానంతట అది కదిలేది, లేని వేళ్ళతో దారం లాగుతున్నట్టు. అది అతను గమనించినప్పుడు గొంతు మారిపోయేది.

"విప్పు."

"ఎక్కడ తప్పు?"

"నీకు కనబడలేదా? అయితే మొత్తం విప్పు."

ఆమె చేతిభాగం మొత్తం విప్పి, మళ్ళీ కుట్టేది. సగం దాకా వచ్చాక మళ్ళీ, "విప్పు." పడవ యజమానులు కొలతలకు వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళ ముందు మరీ ఎక్కువయ్యేది.

"ఇది చంకా, చేపల సంచి మూతా? సరంగు కూతురివి కదా, తాళ్ళు పేనడమే వచ్చు నీకు!"

యజమానులు నవ్వేవాళ్ళు. వాళ్ళు నవ్వితే గితెక్ మొహంలోకి కొంచెం వెలుగు వచ్చేది. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి, మాటకు మాట వేయడం నేర్చుకున్నాడు. ఆమె మాత్రం నవ్వేది కాదు. తల వంచుకుని కుట్టేది. అది చూసి ఒకరోజు అతను అన్నాడు, "నవ్వు. అప్పుడు నవ్వావు కదా, ఇప్పుడేమైంది?" అక్కడినుంచి అది ఊతపదమైపోయింది. సూది విరిగితే "నవ్వు." బట్ట వంకర పోతే "నవ్వు." అన్నం మాడితే "నవ్వు."

ఒకరోజు ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు అడిగాను. "ఏమయ్యా, ఎందుకంత కర్కశం?"

"నేర్పుతున్నాను పిన్నిగారూ. మెత్తగా చెబితే పని చేతికెక్కదు."

"నీకూ ఇలాగే నేర్పారా?"

"నాకా?" అన్నాడు. ఏదో చెప్పబోయాడు. "మా గురువు నన్నెప్పుడూ..." అని, ఆగి, ఇస్త్రీపెట్టె వేడి చూసుకోవడానికి లేచాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఏది ఏమైనా పిల్ల పని నేర్చింది. మరుసటి చలికాలానికి పీతల పడవ యజమాని ఒకాయన కోటు మొదటినుంచి చివరిదాకా తనే కుట్టింది. ఆయన తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "మీ ఆవిడ చెయ్యి బంగారం గితెక్" అన్నాడు. గితెక్ కాలర్ సవరిస్తూ, "చేతులు ఆవిడవి. బుర్ర నాది. నా వేళ్ళు వాళ్ళ నాన్న తీసుకున్నాడు, బదులుగా వీటినిచ్చాడు. కొంచెం మొద్దువి, ఏం చేస్తాం" అన్నాడు. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

యొన్సిల్ అప్పుడు ఇస్త్రీ చేస్తోంది. ఎలా జరిగిందో, పెట్టె అంచు మణికట్టుకు తగిలింది. నేను గుమ్మంలోనే ఉన్నాను, చర్మం కాలిన వాసన నాకూ వచ్చింది. ఆమె పెదవి కొరుక్కుంది.

గితెక్ చూశాడు. చూసి, "నవ్వు" అన్నాడు.

ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. గోడ దగ్గరికి వెళ్ళి తీగ లాగేసింది. కోటు మడతపెట్టి యజమాని చేతికిచ్చింది. తాను సొంతంగా కొనుక్కున్న కత్తెర గుడ్డలో చుట్టుకుంది. నన్ను దాటి వెళ్తూ, "పిన్నీ, కాస్త జరుగు" అంది. అంతే. బూసాన్ బస్సెక్కడం టిక్కెట్లు కొట్టేవాడు చూశాడట.

గితెక్ మొదటి రెండు రోజులూ వస్తుందన్నట్టే ఉన్నాడు. తర్వాత మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "మీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగాడు. జరుగమంది, అన్నాను.

సరంగుకు తెలిసి కొట్టు మీదికి వెళ్ళాడు. రేవు రేవంతా వెనకాలే వెళ్ళింది, కొట్టుకుంటారని. సరంగు కాలితో తలుపు తన్ని, "నా కూతుర్ని ఏం చేశావురా?" అని అరిచాడు.

గితెక్ కూర్చున్న చోటినుంచి లేవలేదు. "మీ ఇంట్లో నేర్చుకున్నదే చేశాను మామగారూ."

అతను ఆయన్ని మామగారూ అని పిలవడం అదే మొదలు. సరంగు చెయ్యి ఎత్తాడు. ఎదుటి మనిషి తప్పుకోకుండా, కళ్ళు కూడా ఆర్పకుండా చూస్తుంటే, ఎత్తిన చెయ్యిని ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. దాంతో తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. ఆ రోజుతో ఆయన ముసలివాడయ్యాడని మా వాడలో అనుకున్నారు. చొల్గు దూరపు పడవ మీద పనికి కుదిరి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సరంగు కథలు చెబితే నవ్వు ఎవరు మొదలుపెట్టాలో తెలియక జనం కాస్త ఆలస్యంగా నవ్వేవాళ్ళు.

కొట్టు మూతపడలేదు. గితెక్ జిప్పులు మార్చడం, పాంట్లు పొట్టిచెయ్యడం లాంటివి ఎడమచేత్తో, మిషను మీద చేసుకుని బతికాడు. ఎవరితోనూ హాస్యాలాడడం మానేశాడు.

కొన్ని ఏళ్ళ తర్వాత ఎండుచేపలకు మంచి ధర వస్తుందని బూసాన్ బజారుకు వెళ్ళాను. బేరమాడుతుంటే వెనకనుంచి, "పిన్నీ" అని వినబడింది. కొంచెం ఒళ్ళు చేసింది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చెయ్యి పట్టుకుని పందిమాంసం పులుసు దుకాణానికి లాక్కెళ్ళి నాకూ తనకూ చెరో గిన్నె చెప్పింది. కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో నమూనా కోటు తనే కుడుతుందట. అది చూసి మిగతావాళ్ళు కుడతారట. సొంతంగా గది ఉందట, నేల వెచ్చగా ఉంటుందట.

పులుసు సగం అయ్యాక అడిగింది. "ఇద్దరూ బతికే ఉన్నారా?"

"ఉన్నారు."

"సరే" అంది, మిగతా అన్నం పులుసులో వేసుకుంది. ఇంకేమీ అడగలేదు. ఎలా ఉన్నారని కూడా అడగలేదు. నేనే చెప్పబోతే, "వద్దు పిన్నీ, తిను, చల్లారిపోతుంది" అంది.

వచ్చేముందు నన్ను గదికి తీసుకెళ్ళి, కళ్ళతోనే ఒళ్ళు కొలిచి, రెండు రోజులు ఆపి నాకో కోటు కుట్టిచ్చింది. ముదురు నీలం, లోపల పత్తి. "నేను కనబడ్డానని మాత్రం చెప్పకు" అంది. ఒట్టు వేయించుకుంది.

ఊరికొచ్చిన వారానికి గితెక్‌కు చేపలివ్వడానికి వెళ్ళాను. చలి, ఆ కోటే వేసుకున్నాను. బుద్ధి తక్కువ పనే. అతను బుట్టలో చేపలు ఎంచుకుంటూ ఆగిపోయాడు.

"బూసాన్ వెళ్ళొచ్చారటగా. తెలిసినవాళ్ళెవరైనా కనబడ్డారా?"

"అంత పెద్ద ఊళ్ళో ఎవరు కనబడతారయ్యా."

"కోటు ఎక్కడిది?"

"బజార్లో కొన్నాను."

లేచి నా దగ్గరికి వచ్చాడు. ఎడమచేత్తో కోటు అంచు పట్టుకుని తిరగేశాడు. కాజాలు చూశాడు, లోపలి కుట్టు చూశాడు, కాలర్ కింద వేలు పెట్టి తడిమాడు. మెడ దగ్గర అతని ఊపిరి తగులుతోంది. నేను కదలకుండా నిలబడ్డాను. చాలాసేపు వెతికాడు.

"కుడిచంక దగ్గర కొంచెం లాగుతోంది" అన్నాడు చివరికి. "విప్పి కుట్టించుకోండి."

చేపలకు డబ్బిచ్చి, లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు.

నేను ఇంటికి వచ్చి చెయ్యి పైకెత్తి చూసుకున్నాను, కిందికి దించి చూసుకున్నాను. ఎక్కడా లాగలేదు.